వాయించనివాళ్లకి ‘జాజ్ మాస్టర్’ బిరుదు ఇవ్వొచ్చా?

శాక్స్ శాస్త్రి (చర్చ మొదలుపెట్టినవారు)

అమెరికాలో నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ అనే ప్రభుత్వ సంస్థ 1982 నుంచి ‘జాజ్ మాస్టర్స్’ సత్కారం ఇస్తోంది. జాజ్‌లో అక్కడ ఇంతకు మించిన ప్రభుత్వ గౌరవం లేదు. మనిషికి 25 వేల డాలర్లు కూడా ఇస్తారు. 2025 జాబితాలో నలుగురున్నారు. పియానిస్టులు మెరిలిన్ క్రిస్పెల్, చూచో వాల్డెస్, శాక్సోఫోన్ వాయించే మార్షల్ ఆలెన్, నాలుగో ఆయన గ్యారీ గిడిన్స్. ఈ గిడిన్స్ విమర్శకుడు. 1974 నుంచి 2003 దాకా న్యూయార్క్ ‘విలేజ్ వాయిస్’ పత్రికలో జాజ్ కాలమ్ రాశాడు. బాగా రాస్తాడు, నేనూ చదివాను. కాదనను.

నా అభ్యంతరం వేరే. మార్షల్ ఆలెన్ సన్ రా అనే జాజ్ పియానిస్టు బృందంలో దశాబ్దాలు వాయించాడు, సన్ రా పోయాక ఆ బృందాన్ని నిలబెట్టాడు. ఆయన పేరు ప్రకటించేనాటికి ఆయనకి నూరేళ్లు నిండాయి. వాయించకుండా రాసేవాళ్లకి ఈ తలుపు 2004లోనే తెరిచారు, నాట్ హెంటాఫ్ అనే విమర్శకుడితో. అంటే నూరేళ్ల కళాకారుడు వరుసలో నిలబడి ఉండగా ఇరవై ఏళ్లుగా ఒక కుర్చీ బయటివాళ్లకి పోతోంది. ఇది న్యాయమా? మీరంతా ఏమంటారు?

నల్లకుంట నాని

శాస్త్రి గారూ, నా ఓటు మీకే. పెళ్లికి ఫొటోగ్రాఫర్‌ని పిలిచి కడుపునిండా భోజనం పెట్టడం వేరు, పెళ్లికొడుకు పక్కన పీటల మీద కూర్చోబెట్టడం వేరు. రాసేవాళ్లకి వాళ్ల అవార్డులు వాళ్లకున్నాయి కదా.

రేడియో రాధ

నాని గారూ, పోలిక బాగుంది గానీ, పెళ్లికొడుకు ఎవరో ఊరికి తెలిసిందే ఆ ఫొటో వల్ల అయితే?

విల్లిస్ కోనోవర్ సంగతి చూడండి. అమెరికా ప్రభుత్వం విదేశాల కోసం నడిపే రేడియో వాయిస్ ఆఫ్ అమెరికాలో 1955లో జాజ్ కార్యక్రమం మొదలుపెట్టి 1996లో చనిపోయేదాకా దాదాపు ఆపలేదు. డ్యూక్ ఎలింగ్టన్ బృందం వాయించిన ‘టేక్ ది ఏ ట్రెయిన్’ పాట మోగగానే ఆయన గొంతు వచ్చేది. అవతలివాళ్లకి ఇంగ్లిష్ అంతంతమాత్రం అని తెలిసి, ప్రతి మాటా విడదీసి, నింపాదిగా పలికేవాడు. సోవియట్ యూనియన్‌లో, పోలండ్‌లో కుర్రాళ్లు షార్ట్‌వేవ్ మీద వినీ వినీ జాజ్‌తోపాటు ఇంగ్లిష్ కూడా నేర్చుకున్నారు. 1959లో వార్సాలో దిగినప్పుడు విమానాశ్రయంలో జనాన్ని చూసి, విమానంలో ఎవరో పెద్దమనిషి ఉన్నాడు కాబోలు అనుకున్నాడట. వాళ్లు వచ్చింది ఆయన కోసమే.

స్వదేశంలో మాత్రం ఆయనెవరో ఎవరికీ తెలియదు. వాయిస్ ఆఫ్ అమెరికా కార్యక్రమాలు అమెరికాలో ప్రసారం చేయకూడదని 1948 నాటి చట్టం అడ్డుపడింది. ఆయన అక్కడ పర్మనెంట్ ఉద్యోగి కూడా కాదు, కాంట్రాక్టు మనిషి. ‘జాజ్ మాస్టర్’ తలుపు తెరుచుకునేసరికి పోయి ఎనిమిదేళ్లయింది. ఈయన పీటల మీద కూర్చోకూడదా, చెప్పండి.

మనవాళ్లకి ఇది అర్థం కాని విషయం కాదు. రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు వేసిన మీనాక్షి పొన్నుదురై గారి గొంతు గుర్తున్నవాళ్లు ఈ చర్చలోనే ఉండి ఉంటారు.

బెజవాడ బీబాప్

రాధ గారూ, కోనోవర్ దాకా ఒప్పుకుంటా. ఆయన తీర్పు చెప్పలేదు, వినిపించాడు. నా పేచీ విమర్శకులతో.

1961లో డౌన్ బీట్ అనే జాజ్ పత్రికలో జాన్ టైనన్ అనే విమర్శకుడు, శాక్సోఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్, ఎరిక్ డాల్ఫీల సంగీతాన్ని ‘జాజ్ వ్యతిరేకం’ అని కొట్టిపారేశాడు. మరుసటి ఏడాది అదే పత్రికలో వాళ్లిద్దరూ కూర్చుని విమర్శకులకి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. కోల్ట్రేన్ అంతటివాడు సంజాయిషీ ఇవ్వాలా? క్లబ్బులో రాత్రంతా ఊదినవాడికి వచ్చేది ఆ రాత్రి కూలి. ఒక్క సమీక్షతో తర్వాతి బుకింగే పోవచ్చు. అలాంటి కలానికి కళాకారుడితో సమానమైన పతకమా?

ఇంకోటి, లైనర్ నోట్స్. రికార్డు అట్ట వెనక ఉండే ఆ వ్యాసానికి డబ్బిచ్చేది రికార్డు కంపెనీ. కంపెనీ డబ్బుతో రాసిన వ్యాసంలో రికార్డు బాగాలేదని ఎవడు రాస్తాడు? హెంటాఫ్ విమర్శకుడిగా ఉంటూనే 1960–61లో క్యాండిడ్ అనే రికార్డు కంపెనీకి నిర్మాతగా చేశాడు. మంచి రికార్డులే తీశాడు, అది వేరే మాట. గీత ఎక్కడుందో ఎవరు చెప్పాలి?

జాజ్ జర్నలిస్ట్స్ అసోసియేషన్ అవార్డులైతే నవ్వొస్తుంది. ఓటేసేది జర్నలిస్టులు, రాత, ప్రసారం, ఫొటోగ్రఫీ అవార్డులు తీసుకునేది జర్నలిస్టులు. మీకు మీరే దండలేసుకోండి, మాకేం.

నూవర్క్ వాసు

బీబాప్ అన్నా, కాస్త ఆగు. నేనుండేది న్యూజెర్సీలో. ఇక్కడ రట్గర్స్ యూనివర్సిటీ నూవర్క్ క్యాంపస్ లైబ్రరీలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జాజ్ స్టడీస్ ఉంది. దాన్ని 1976 నుంచి మూడున్నర దశాబ్దాలు నడిపింది డాన్ మోర్గెన్‌స్టర్న్. ఆయనా నువ్వు తిట్టే బాపతే, డౌన్ బీట్ మాజీ ఎడిటర్. నువ్వు వెక్కిరించిన లైనర్ నోట్స్‌కే ఎనిమిది గ్రామీలు వచ్చాయి. 2007లో జాజ్ మాస్టర్ అయ్యాడు. పాత రికార్డు ఏ తేదీన, ఏ స్టూడియోలో తయారైంది, రెండో ట్రంపెట్ ఎవరు, ఇవన్నీ వాయించినవాళ్లే మరిచిపోతారు. రాసిపెట్టినవాడు లేకపోతే ఆ రెండో ట్రంపెట్ మనిషి చరిత్రలో ఉండడు. మద్రాసు స్టూడియోల్లో మన పాటలకి శాక్సోఫోన్, ట్రంపెట్ వాయించినవాళ్ల పేర్లు ఎన్ని చెప్పగలవు నువ్వు? రాగం పేరు, సంగీత దర్శకుడి పేరు ఎవరైనా చెబుతారు. ఊదినవాడి పేరు అడిగితే నోరు పెగలదు.

ఇంకా నమ్మకం కుదరకపోతే హెర్బీ నికోల్స్ కథ విను. పియానిస్టు, గొప్ప స్వరకర్త. పొట్టకూటికి డిక్సీలాండ్ (పాతకాలపు జాజ్) బ్యాండ్లలో వాయిస్తూ 1963లో 44 ఏళ్లకే పోయాడు. సొంత పేరుతో వచ్చిన రికార్డులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1966లో ఏ.బి. స్పెల్‌మన్ అనే నల్లజాతి కవి నలుగురు సంగీతకారుల మీద పుస్తకం రాశాడు. అందులో ఒకడు నికోల్స్. తర్వాతి తరం పియానిస్టుల్లో చాలామంది ఆ పుస్తకం చదివాకే నికోల్స్ పాటలు వెతుక్కున్నారు. వాయించనివాళ్లకి ఇచ్చే జాజ్ మాస్టర్ సత్కారానికి పేరు పెట్టింది ఈ స్పెల్‌మన్‌దే. శాస్త్రి గారు ‘బయటివాళ్లు’ అన్నారు చూడండి, ఆ మాట ఆయనకి అతకదు.

అయితే నీ వాదనకి నేనే ఒక ఆయుధం ఇస్తా. 1963లో లెరాయ్ జోన్స్ (తర్వాత అమీరి బరాకా) డౌన్ బీట్‌లోనే గట్టిగా రాశాడు: వాయించేది నల్లవాళ్లు, తీర్పు చెప్పేది తెల్లవాళ్లు, వాళ్లకి ఆ బతుకు తెలియదు అని. ఈ సత్కారం పొందినవాళ్లలో ప్రధానంగా రాతకే పేరున్న మొదటి ముగ్గురూ, అంటే హెంటాఫ్, మోర్గెన్‌స్టర్న్, ఐరా గిట్లర్, తెల్లవాళ్లే. నల్లజాతి విమర్శకుడు స్టాన్లీ క్రౌచ్ వంతు వచ్చేసరికి 2019. నన్నడిగితే అసలు గొడవ రాసేవాళ్లకి ఇవ్వాలా వద్దా అన్నది కాదు, ఏ రాసేవాళ్లకి ముందు ఇచ్చారన్నది.

బెజవాడ బీబాప్

ఇది బాగా చెప్పావు వాసూ. నికోల్స్ సంగతి ఒప్పుకుంటున్నా. కానీ స్పెల్‌మన్‌లాంటివాళ్లు ఎందరు, టైనన్‌లాంటివాళ్లు ఎందరు?

ఫిల్మ్ రోల్

ఇంత రాశారు, ఫొటోలు తీసేవాళ్ల గురించి నాని గారి పెళ్లి భోజనం తప్ప ఒక్క ముక్క లేదు. జాజ్ మాస్టర్ల జాబితా మొత్తం తిరగేయండి. విమర్శకులున్నారు. రికార్డింగ్ ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ (2009) ఉన్నాడు. క్లబ్బు యజమానురాలు లొరేన్ గోర్డన్ (2013) ఉన్నారు. ఫొటోగ్రాఫర్‌గా ఒక్కడంటే ఒక్కడు లేడు. మిల్ట్ హింటన్ 1993లోనే ఉన్నాడు అంటారేమో. ఆయన వేల ఫొటోలు తీశాడు నిజమే, కానీ పిలిచింది బేస్ వాయించినందుకు.

మనుషుల్లేక కాదు. విలియం గాట్లీబ్ 2006 దాకా, విలియం క్లాక్స్‌టన్ 2008 దాకా, హెర్మన్ లెనార్డ్ 2010 దాకా, చక్ స్టువర్ట్ 2017 దాకా బతికే ఉన్నారు. గాట్లీబ్ వాషింగ్టన్ పోస్ట్‌లో కాలమ్ రాసేవాడు. ఫొటోగ్రాఫర్‌కి డబ్బివ్వం అని పేపరువాళ్లు అంటే తనే స్పీడ్ గ్రాఫిక్ కెమెరా కొనుక్కుని నేర్చుకున్నాడు. ఫ్లాష్ బల్బు ఒక్కసారి వెలిగితే పారేయాల్సిందే, జేబులోంచి ఖర్చు. అందుకని పాటంతా విని, ఎక్కడ మొహం విప్పారుతుందో కనిపెట్టి అప్పుడు నొక్కేవాడు. ఆ ఫొటోలు ఇప్పుడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. 2010 నుంచి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మీ వాట్సాప్ డీపీలో ఉన్న గాయని బిల్లీ హాలిడే ఫొటో ఆయన తీసిందే అయినా ఆశ్చర్యం లేదు.

లెనార్డ్ సంగతి వేరు. 1948లో రాయల్ రూస్ట్ క్లబ్బులో శాక్సోఫోన్ వాయించే డెక్స్టర్ గోర్డన్‌ని తీసినప్పుడు లైటు వెనకనుంచి పెట్టాడు. సిగరెట్ పొగ మబ్బులా లేచి నిలిచిపోయింది. శాక్సోఫోన్ ఒళ్లో ఉంది, ఊదడం లేదు. జాజ్ అనగానే ప్రపంచానికి గుర్తొచ్చే పొగ ఆ ఫొటోలోదే. 2005 కత్రినా తుఫానులో న్యూ ఆర్లీన్స్‌లోని ఆయన ఇల్లు మునిగి వేల ప్రింట్లు పోయాయి. నెగటివ్‌లు ముందే మ్యూజియానికి తరలించబట్టి దక్కాయి. ఇంతకన్నా ఏం చేయాలండీ ఒక మనిషి?

శాక్స్ శాస్త్రి

ఫిల్మ్ రోల్ గారూ, ఈ లెక్క నాకు తట్టలేదు. ఇస్తే అందరికీ ఇవ్వాలి, లేకపోతే ఎవరికీ వద్దు. నా మాట ఏంటంటే, విడిగా ఒక సత్కారం పెట్టండి. రాసినవాళ్లకి, ప్రసారం చేసినవాళ్లకి, ఫొటో తీసినవాళ్లకి. డబ్బు కూడా అంతే ఇవ్వండి. మన నంది అవార్డుల్లో సినీ విమర్శకుడికి వేరే కేటగిరీ ఉండేది, దాంతో నటులకి పోయిందేమీ లేదు. ‘మాస్టర్’ అన్న ఆ ఒక్క పేరు మాత్రం ఊదినవాళ్లకి వదిలేయండి.

రేడియో రాధ

విడిగా పెడితే ఎవరూ పట్టించుకోరు శాస్త్రి గారూ, అనుభవంతో చెబుతున్నా.

ఫిల్ షాప్ పేరు విన్నారా? కొలంబియా యూనివర్సిటీ రేడియోలో 1970 నుంచి యాభై ఏళ్లు జీతం లేకుండా పనిచేశాడు. రోజూ పొద్దున శాక్సోఫోన్ వాయించిన చార్లీ పార్కర్ మీద కార్యక్రమం. మూడు నిమిషాల పాట, దాని మీద పావుగంట మాట. ఏ సెషన్, ఏ టేక్, ఆ రోజు ఎవరు ఆలస్యంగా వచ్చారు… అంతా నోటికి వచ్చు. విసుక్కునేవాళ్లూ ఉన్నారు, నాకూ ఒక్కోసారి ‘పాట వేయవయ్యా బాబూ’ అనిపించింది. ఆయనకి 2021లో ‘మాస్టర్’ అన్నారు, ఆ సెప్టెంబరులోనే పోయారు. ఆ పేరు లేకపోతే పేపర్లలో అంత పెద్ద నివాళులు వచ్చేవా?

ఇంకొక్కటి చెప్పి ఊరుకుంటా. 1957 డిసెంబరులో సీబీఎస్ టీవీలో జాజ్ మీద గంట కార్యక్రమం లైవ్‌గా వచ్చింది. ఎవరెవరిని పిలవాలో ఎంచింది ఇద్దరు రాతగాళ్లే, హెంటాఫ్, విట్నీ బాలియెట్. అందులో బిల్లీ హాలిడే పాడుతుంటే, ఒంట్లో బాగాలేని లెస్టర్ యంగ్ లేచి నిలబడి శాక్సోఫోన్ మీద చిన్న సోలో వాయిస్తాడు. కెమెరా ఆమె మొహం మీదే ఉంటుంది. తల చిన్నగా ఊపుతూ, నవ్వీ నవ్వనట్టు వింటుంటుంది. 1959లో నాలుగు నెలల తేడాతో ఇద్దరూ పోయారు. వాయించింది లెస్టరే, కాదనను. ఆ గదిలో ఇద్దర్నీ కూర్చోబెట్టింది ఎవరు?

నల్లకుంట నాని

రాధ గారూ, ఆ వీడియో ఇప్పుడే చూశా. నా ఓటు కొంచెం ఊగుతోంది, ఇంకా పడలేదు 🙂

ఫిల్మ్ రోల్ గారూ, మీరే ఒక పేరు పంపండి. ఈ సత్కారానికి ఎవరైనా నామినేట్ చేయొచ్చు కదా. వాల్ విల్మర్ ఎలా ఉంటారు? ఫొటోలూ తీశారు, రాశారు కూడా.

నూవర్క్ వాసు

ఆమె బ్రిటిష్ మనిషి. అమెరికా పౌరులో, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లో అయి ఉండాలి. పైగా బతికి ఉన్నవాళ్లకే ఇస్తారు.

ఫిల్మ్ రోల్

అయితే జిమ్మీ కాట్జ్. అమెరికా మనిషే, వందల ఆల్బమ్ కవర్లకి ఫొటోలు తీశాడు, ఇంకా తీస్తున్నాడు. ఈ వారాంతం కూర్చుని రాస్తా. వాసు గారూ, ఫారం లింకు పెట్టండి.

శాక్స్ శాస్త్రి

నా అభిప్రాయం మారలేదు. అయినా రాశాక ఇక్కడ పెట్టండి, ఇంగ్లిష్‌లో తప్పులుంటే దిద్దిపెడతాను.