నెట్‌లో చదివినంత మాత్రాన కంప్యూటర్‌కి జ్ఞానం వస్తుందా?

శోధని:
వస్తుందనే నా నమ్మకం. కాకపోతే దిద్దే మనిషి పక్కన ఉండాలి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో టామ్ మిచెల్ బృందం 2010 జనవరిలో 'నెల్' అనే ప్రోగ్రామ్‌ని నడపడం మొదలుపెట్టింది. నగరాలు, తినుబండారాలు లాంటి ఒక్కో వర్గానికి పది పదిహేను ఉదాహరణలిచ్చి వెబ్ పేజీల మీదికి వదిలారు. '____ మేయర్' లాంటి మాటల వరుస దొరికితే, ఆ ఖాళీలో వచ్చిన పేరు నగరమని రాసుకునేది. కొత్త పేర్లతో కొత్త వరుసలు, ఆ వరుసలతో మళ్లీ పేర్లు. చాలా వర్గాల్లో బాగానే నేర్చుకుంది. కానీ 'ఇంటర్నెట్ కుకీలు' (వెబ్‌సైట్లు మన కంప్యూటర్‌లో దాచే చిన్న సమాచార ముక్కలు; ఇంగ్లీషులో కుకీ అంటే బిస్కెట్ కూడా) కనబడగానే వాటిని బేకరీ తినుబండారాల్లో వేసింది. కుకీలను డిలీట్ చేస్తారు, ఫైళ్లనూ డిలీట్ చేస్తారు కాబట్టి ఫైళ్లు కూడా తినుబండారాలే అయిపోయాయి! ఒక తప్పు అలా పిల్లలు పెడుతూ పోయింది. చివరికి మనుషులే వచ్చి దిద్దాల్సి వచ్చింది.

అక్షరప్రియ:
శోధని గారూ, అంత దిద్దుబాటు ఎవరివల్ల అవుతుందండీ? కంప్యూటర్ శాస్త్రవేత్త డగ్లస్ లెనాట్ 1984లో 'సైక్' అనే ప్రాజెక్టు మొదలుపెట్టి లోకజ్ఞానాన్ని మనుషులతోనే రాయించారు. దశాబ్దాలు గడిచినా ఆ పని ఒక కొలిక్కి రాలేదు. మనం మాత్రం అన్నీ చూసి తెలుసుకున్నామా? శని గ్రహానికి వలయాలున్నాయని మనలో చాలామంది చదివే నమ్మాం. యంత్రం చదివితే మాత్రం అది జ్ఞానం కాదా?

నింగి:
మీరిద్దరూ రాసి ఉన్నదాని గురించే మాట్లాడుతున్నారు. రాయనిదాని సంగతేంటి? జనం వింతలే రాస్తారు. హత్యల గురించి పేజీలకు పేజీలుంటాయి, ఊపిరి పీల్చడం గురించి ఎవరూ పనిగట్టుకుని రాయరు. ఎన్నిసార్లు కనబడిందన్న లెక్కతో నేర్చుకునే యంత్రానికి లోకం వంకరగానే కనబడుతుంది.

అక్షరప్రియ:
ఇది మంచి పాయింట్, ఒప్పుకుంటాను. కానీ దానికి మందు చదువు మానేయడం కాదు. బొమ్మలు, వీడియోలు కూడా కలిపి నేర్పితే ఆ లోటు కొంత తీరుతుంది.

శోధని:
నా ఆందోళన వేరే చోట ఉంది. నెల్ నేర్చుకున్న ప్రతి విషయాన్నీ విడిగా దాచుకునేది. ఏ ఆధారంతో నమ్మింది, ఎంత నమ్మకంతో నమ్మింది అన్నవి కూడా పక్కనే ఉండేవి. అందుకే తప్పు దొరికితే తీసేయగలిగారు. చాట్‌జీపీటీ లాంటి ఇప్పటి పెద్ద భాషా మోడళ్లు చదివిందంతా కోట్లకొద్దీ అంకెల్లో కలిసిపోతుంది. ఫలానా తప్పు ఫలానా పేజీ నుంచి వచ్చిందని చూపించడం చాలా కష్టం. పైగా అవి రాసినదే నెట్‌లోకి చేరి, రేపటి మోడళ్లకు పాఠమవుతోంది. యంత్రం రాసినదాన్నే యంత్రానికి పదేపదే నేర్పితే, అరుదైన విషయాలు ముందుగా చెరిగిపోతాయని 2024లో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. అందుకే ఎంత చదివించామని గొప్ప చెప్పుకునేవాళ్లను నేను ముందుగా అడిగేది ఒక్కటే: మీ మోడల్ ఒక మాట చెప్తే, అది ఎక్కడ చదివిందో చూపించగలరా?