రాత్రిపూట అమ్మ ఒంటరిగా మంచం దిగుతోంది, ఎలా ఒప్పించాలి?

అమ్మకు 74 ఏళ్లు. తుంటి ఎముక ఆపరేషన్ అయి నాలుగు రోజులైంది, ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. పగలు చెప్పినట్లే వింటుంది. రాత్రి మాత్రం నా నిద్ర చెడగొట్టడం ఇష్టం లేక, బెల్లు నొక్కకుండా తనే బాత్‌రూముకు లేస్తోంది. నిన్న తెల్లవారుజామున నేను కళ్లు తెరిచేసరికి సెలైన్ స్టాండును ఊతగా పట్టుకుని నిలబడి ఉంది. దాని చక్రాలు జరుగుతున్నాయి, ఆమె మోకాళ్లు వణుకుతున్నాయి. నా గుండె ఆగినంత పనైంది.

ఒక్కసారిగా లేస్తే రక్తపోటు పడిపోవచ్చు, కాళ్లు కిందికి వేసి కాసేపు కూర్చున్నాకే నిలబడాలని నర్సు చెప్పారు. మంచం ఎత్తు తగ్గించాం. పక్క కమ్మీలు పైకి లేపితే వాటి మీదుగా దిగబోతుందేమోనని ఇంకా భయం. ఇలాంటి పెద్దవాళ్లను చూసుకున్నవారు, వాళ్ల మనసు నొప్పించకుండా ఎలా ఒప్పించారు? దయచేసి చెప్పండి.