పాత .315 రైఫిల్‌కు నలుపు, సైట్లు: ఎంతవరకు ముట్టుకోవచ్చు?

ప్రశ్న (మలక్‌పేట)

నాన్నగారి తదనంతరం ఇషాపూర్ కర్మాగారంలో తయారైన .315 రైఫిల్ నాకు వచ్చింది. లైసెన్సు నా పేరుకు మారింది. ఒకప్పుడు వేటకు వాడినదే గానీ, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత అది బీరువా దాటింది తక్కువ. మోసేటప్పుడు చేయి పట్టే చోట నలుపు పూర్తిగా పోయి ఇనుము తెల్లబడింది, బారెల్ కొసన గోధుమరంగు మరకలున్నాయి, గురి చూసుకోవడానికి బారెల్ మీద ఉండే రెండు సైట్లలో ముందు సైట్ తల అరిగింది, వెనుక సైట్ రేకు కదులుతోంది. ఒక దుకాణంలో చక్రం మీద బఫింగ్ పట్టి కొత్తదానిలా చేసి ఇస్తామన్నారు. నాకు మనసొప్పలేదు. కుందా (భుజానికి ఆనించే కర్ర భాగం) మీద నాన్నగారి బుగ్గ ఆని ఆని నున్నబడిన చోటు కూడా అలాగే ఉండాలని నా కోరిక. ఏం చేయమంటారు?

జవాబు (తార్నాక)

బఫింగ్‌కు ఒప్పుకోకపోవడం మంచిదైంది. చక్రం తగిలితే అంచులు గుండ్రబడతాయి, ముద్రలు, అంకెలు పలచబడతాయి. ఆయుధ చట్టం 8వ సెక్షన్ ప్రకారం గుర్తింపు సంఖ్యను చెరపడం నేరం కూడా.

ముందుగా ఆ గోధుమ మరక తుప్పో కాదో తేల్చుకోండి. పూర్వం చాలా ఇళ్లలో తుపాకులకు నూనె రాసేవారు. అది ఏళ్ల తరబడి ఎండి వార్నిష్‌లా గట్టిపడి అచ్చం తుప్పులాగే కనిపిస్తుంది. మెత్తటి గుడ్డను కిరోసిన్‌లో తడిపి రుద్దితే నూనె కరిగి వస్తుంది, తుప్పు రాదు.

నిజంగా తుప్పే అయితే గీకించవద్దు. ఎర్ర తుప్పును శుభ్రమైన నీటిలో మరిగిస్తే అది నల్లని ఐరన్ ఆక్సైడ్‌గా మారుతుంది. పైన వదులుగా నిలిచిన నల్లపొడిని అతి సన్నని ఉక్కు ఊలుతో తుడిస్తే అడుగున నలుపు మిగులుతుంది. పాతకాలపు రస్ట్ బ్లూయింగ్ అంతా ఇదే: పలుచని ఆమ్ల ద్రావణంతో కావాలని తుప్పు పట్టించడం, మరిగించడం, తుడవడం, రంగు కుదిరే వరకు మళ్లీ మళ్లీ అదే చేయడం. మన బోరు నీళ్లు మాత్రం వాడనివ్వకండి, సున్నపు చుక్కలు దిగుతాయి; డిస్టిల్డ్ వాటర్ కావాలి. కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాలను దాదాపు 140 డిగ్రీల వరకు కాచి ముంచే పద్ధతి త్వరగా అయ్యేదే గానీ, సైట్ దిమ్మ సీసం, తగరంతో అతికినదైతే ఆ కాస్టిక్ అతుకును తినేస్తుంది. నవాసారం కలిపిన మట్టితో బిద్రీ పాత్రకు నలుపు తెప్పించే పద్ధతిని ఇక్కడ పనికొస్తుందేమోనని అడిగేవారున్నారు. అది జింకు, రాగి మిశ్రమానికి చెందిన విద్య, ఉక్కుకు పట్టదు.

ఒక్క మాట: కిరోసిన్‌తో తుడుచుకోవడం వరకే మన పని. మరమ్మతుకు 5వ సెక్షన్ కింద లైసెన్సు ఉన్నవారే చేయాలి.

జవాబు (మెహదీపట్నం)

సైట్ల సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ముందు సైట్‌ను ఆకురాయితో సరిచేయించి ఒకసారి నష్టపోయాను. ముందు సైట్ ఎంత పొట్టిదైతే గుండు అంత పైకి పోతుంది, కనుక అరిగిన తలను ఇంకా అరగదీస్తే తప్పు పెరుగుతుందే తప్ప తగ్గదు. రెండు సైట్ల నడుమ అర మీటరు దూరం ఉందనుకుంటే, 0.1 మిల్లీమీటరు తేడా 100 మీటర్ల దగ్గర 2 సెంటీమీటర్లవుతుంది. అంటే కాగితం మందమంత పొరపాటు కూడా లక్ష్యం మీద కనబడుతుంది. కొంచెం ఎత్తైన కొత్త ముక్క పెట్టించి, అనుమతి ఉన్న రేంజిలో పరీక్షించి, ఆ తరువాతే కొద్దికొద్దిగా తగ్గించాలి. గుండ్లు కుడికి పడుతుంటే ముందు సైట్‌ను కుడికే జరపాలి, వెనుక సైట్‌నైతే ఎడమకు. జరపడానికి ఇత్తడి పంచ్ వాడమనండి, ఉక్కుదైతే గాట్లు పడతాయి. వెనుక రేకు కదలడానికి చాలాసార్లు కిందనున్న స్ప్రింగ్ అలసిపోవడమే కారణం. అది మారిస్తే చాలు.

ప్రశ్న వేసినవారు

నిన్న సాయంత్రం కిరోసిన్ గుడ్డతో రుద్దాను. గుడ్డ తేనెరంగుకు తిరిగింది, కొస దగ్గర మరకల్లో మూడు వంతులు వచ్చేశాయి, వాటి కింద నలుపు చెక్కుచెదరలేదు. మిగిలింది గోరంత తుప్పు. ఇక కుందా సంగతి చెప్పండి.

జవాబు (తార్నాక)

ఇసుక కాగితం తగలనివ్వకండి. సొట్టలుంటే తడిగుడ్డ పరచి ఇస్త్రీపెట్టె ఒక్క క్షణం ఆనిస్తే, నలిగిన నార నీరు తాగి పైకి లేస్తుంది. బుగ్గ ఆనిన చోట అది కూడా వద్దు. అక్కడ అవిసె నూనె రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని, వెచ్చబడే వరకు రుద్ది, మిగిలినది గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. ఆ గుడ్డను మాత్రం ఉండచుట్టి మూలన పడేయవద్దు, దానంతట అదే అంటుకుంటుంది; నీళ్లలో నానబెట్టండి.