పహాణీ ఎంట్రీకి 18.5 ఇంచుల మానిటర్: 27 కొనాల్నా, 32 టీవీ పెట్టాల్నా?

ప్రశ్న (నల్లగొండ, గడియారం సెంటర్)
జిరాక్స్-టైపింగ్ షాపు. పాత పహాణీ (ఊరి భూముల రికార్డు) స్కాన్ చూసుకుంట ఎక్సెల్‌ల సర్వే నంబరు, పట్టాదారు పేరు, ఎకరాలు-గుంటలు కొట్టుడు పని. ఇప్పుడున్నది 18.5 ఇంచులు, 1366×768. స్క్రీన్ పెద్దగైతే పని నిజంగ జల్దయితదా?

జవాబు 1
ఇంచులు గాదు, ముందు పిక్సెళ్లు (స్క్రీన్ మీది చుక్కలు, మీ 1366×768 అదే లెక్క) చూడుండ్రి. ఎక్సెల్ వరుస 20 పిక్సెళ్లు. ఎత్తు 768 నుంచి 1080 అయితే అదే జూమ్‌ల 15 వరుసలు ఎక్కువొస్తయి. అసలు లాభం అది గూడ గాదు, ఆల్ట్-ట్యాబ్ కొట్టి ఒక విండో నుంచి ఇంకోదానికి మారుడు తప్పుతది. స్కాన్ నుంచి షీటుకు మారే లోపల నంబరు తలకాయల పెట్టుకోవాలె, తప్పు గక్కడనే పడ్తది: 214/అ కాస్త 214/ఆ అయితది, 1.20 (ఎకరం ఇరవై గుంటలు) కింది వరుసల వడ్తది. 24 ఇంచుల 1920×1080 స్క్రీన్ 53 సెంటీమీటర్ల వెడల్పు, ఏ4 కాయితం 21. రెండూ పక్కపక్కన అసలు సైజుల పడ్తయి. విండోస్ కీతోని ఎడమ బాణం, కుడి బాణం కొడితే సాలు.
27ల గూడ 1920×1080నే తీసుకుంటే 24 కంటె ఒక్క వరుస పెరగదు, అక్షరం పెద్దగయితది అంతే. 27 అంటే 2560×1440 ఉండాలె.

జవాబు 2
టీవీ వద్దు. చవక 32లు చానా వరకు 1366×768నే, అంటే ఇంచుకు 49 పిక్సెళ్లు. ద, ధ తేడా కింది చిన్న గీతనే గదా, అది అలుక్కుపోతది. కొన్నిట్ల టాస్క్‌బార్ అంచు కోసుకపోతది, ఎర్రక్షరాలు మసకైతయి. ఇంట్ల ఉన్నదే వాడాల్నంటే పిక్చర్ సైజు 'జస్ట్ స్కాన్' పెట్టి, షార్ప్‌నెస్ తగ్గించుండ్రి.

ప్రశ్న అడిగినవారు
15.6 ల్యాప్‌టాప్ గూడ 1920×1080నే గదన్నా, దాంట్ల ఎందుకు ఇరుకు?

జవాబు 1
స్కేలింగ్ (అక్షరాలను పెద్దగ చూపే విండోస్ సెట్టింగు) 125 శాతం ఉంటది, 1536×864 అంత జాగనే మిగుల్తది. 100 పెడితే అక్షరం చీమంత, మెడ ముందుకు వంగుతది.

జవాబు 3
ఒక్కటే ఫారం నింపే పనికి, కులం, ఆదాయం సర్టిఫికెట్లసొంటిదానికి, పెద్ద స్క్రీన్‌తోని ఒరిగేదేం లేదు. 1954ల అమెరికా సైకాలజిస్టు పాల్ ఫిట్స్ చెప్పిన లెక్క: గురి (ఇక్కడ మౌస్‌తోని నొక్కే గడి) దూరమైన కొద్ది, చిన్నదైన కొద్ది చేతికి టైం ఎక్కువ. బ్రౌజర్‌ను సగం స్క్రీన్‌కే పెట్టి, గడి నుంచి గడికి ట్యాబ్ కీతోని పోండ్రి.
టేబుల్ లోతు గూడ కొలువుండ్రి. కంటికి 60 సెంటీమీటర్ల దూరం రాకుంటే 27 వద్దు, మెడ తిప్పుకుంట చూడాలె. సీపీయూకు వీజీఏ (పాత రకం మానిటర్ పోర్టు) ఒక్కటే ఉంటే ఆ పోర్టున్న 24 తీసుకోండ్రి. హెచ్‌డీఎంఐ (కొత్త రకం పోర్టు) ఒక్కటే ఉన్న మానిటరైతే ఉత్త కేబుల్‌తోని బొమ్మ రాదు, కన్వర్టర్ కొనాలె.