వాయిదా వెయ్యడం ఎలా మానాలో చెప్పే వీడియోలు చూస్తూ చదువు వాయిదా వేస్తున్నా. పనికొచ్చే సలహాని ఎలా పట్టుకోవాలి?

గ్రూప్-2కి ఇంట్లోనే చదువుతున్నాను. రాత్రి 9కి పుస్తకం తీస్తాను. ఎకానమీ దగ్గరికి రాగానే చెయ్యి ఫోన్ మీదకి పోతుంది. రీల్స్ కాదండీ, బద్ధకం ఎలా వదిలించుకోవాలో చెప్పే వీడియోలు! అవి చూస్తుంటే చదివేసినట్టే ఉంటుంది, అసలు చిక్కు అదే. 11:30 అయినా పేజీ తిరగదు.

పొమొడోరో పెట్టాను, 25 నిమిషాలు చదువు, 5 నిమిషాలు విరామం. నాలుగు రోజులు నడిచింది. ఐదో రోజు ఆ 5 కాస్తా 50 అయింది. యూట్యూబ్‌కి రోజుకి 30 నిమిషాల టైమర్ పెడితే సెట్టింగ్స్‌లోకి వెళ్లి నేనే తీసేస్తున్నా (దానికి మాత్రం బద్ధకం రాదు). ఫోన్ అమ్మకిచ్చి చూశాను, కాస్త పనిచేసింది. కానీ మాక్ టెస్టులు రాయాలంటే మళ్లీ ఫోనే కావాలి.

సేవ్ చేసుకున్న వీడియోలు 86. ఒకరు చిన్న పనితో మొదలుపెట్టమంటారు, ఇంకొకరు కష్టమైనదే ముందు చెయ్యమంటారు. వింటున్నంతసేపూ ఇద్దరూ కరెక్టే అనిపిస్తారు. డబ్బు కట్టే కోర్సుల లింకులు మాత్రం వద్దు.

ఇందులోంచి బయటపడ్డవాళ్లు చెప్పండి: ఒక సలహా మీకు పనికొస్తుందో లేదో తేల్చుకోడానికి ఎన్ని రోజులు పాటించి, దేన్ని లెక్క చూసుకున్నారు?