సుంకి ఘాట్‌లో బండి లాగడం లేదు, డీజిల్ స్విఫ్ట్‌కి రీమ్యాప్ చేయించాలా?

కోరాపుట్_స్విఫ్ట్:
అందరికీ నమస్కారం. నాది 2013 డీజిల్ స్విఫ్ట్, 1248 సీసీ. లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. మేం ఉండేది కోరాపుట్‌లో, అత్తవారిది బొబ్బిలి. నెలకు రెండుసార్లయినా సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కాల్సిందే. నిరుడు మూడో గేరులో హాయిగా ఎక్కిన వంపుల్లో ఇప్పుడు రెండులో వేసినా ఈడ్చుకుంటూ వెళ్తోంది. మొన్న ఒక లారీని దాటబోతే సగంలో పికప్ అందలేదు. ఎదురుగా బస్సు. బ్రేకు తొక్కి మళ్లీ లారీ వెనక్కే వచ్చేశాను. పిల్లలు వెనక సీట్లో ఉన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. విశాఖలో ఒకాయన ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) రీమ్యాప్ చేస్తే, అంటే దాని సెట్టింగులు మార్చేస్తే 75 హార్స్ పవర్ కాస్తా 95 అవుతుందంటున్నాడు. చేయించుకున్నవాళ్లు ఉంటే మంచీ చెడూ రెండూ చెప్పండి.

జయపురం_డీజిల్:
అన్నా, నేను చేయించాను. అదే ఇంజిన్, వేరే కారు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు 2000 ఆర్‌పీఎం దగ్గర 190 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం. రీమ్యాప్ తర్వాత 240 దాకా వస్తుందన్నారు. కొలిపించలేదు గానీ తేడా మాత్రం మొదటి రోజే తెలిసింది. జయపురం నుంచి కోరాపుట్ ఘాట్ ఎక్కుతుంటే గేర్లు మార్చే పని సగానికి తగ్గింది. ఆరు నెలలు బాగా మురిసిపోయాను.

ఏడో నెలలో క్లచ్ జారడం మొదలైంది. ఎత్తులో యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం ముల్లు పైకి లేస్తుంది, బండి మాత్రం అదే స్పీడులో ఉంటుంది. ఇంకాస్త తొక్కితే లోపలికి కాలిన వాసన. క్లచ్ సెట్ మొత్తం మార్చాల్సి వచ్చింది. పాత క్లచ్ 190ని మోసేది, దాని మీద 240 పెడితే ఎన్నాళ్లు ఆగుతుంది? రీమ్యాప్ తప్పని అనను. కానీ క్లచ్ డబ్బులు కూడా పక్కన పెట్టుకునే దిగండి.

గుణుపూర్_గ్యారేజ్:
కోరాపుట్ బాబూ, విశాఖ వెళ్లే ముందు ఇది చదవండి. ఇరవై ఏళ్లుగా డీజిల్ బండ్లే నా పని.

రీమ్యాప్ అంటే ఏమిటి? ఎంత డీజిల్ కొట్టాలి, ఎప్పుడు కొట్టాలి, టర్బో ఎంత గాలి తొయ్యాలి అని ఈసీయూలో రాసి ఉన్న లెక్కల్ని మార్చడం. నిరుడు బాగా ఎక్కిన బండి ఈ ఏడు ఎక్కడం లేదంటే మారింది ఆ లెక్కలు కావు, ఎక్కడో ఏదో పాడైంది. గాలి లీకైపోతున్న ఇంజిన్‌లో డీజిల్ పెంచితే అది పూర్తిగా కాలదు. వెనక నల్ల పొగ, లోపల వేడి. ఆ వేడి ముందు తినేది టర్బోనే.

ముందు టర్బో నుంచి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు హోస్‌లు చూడండి. పైనుంచి చూస్తే కొత్తవాటిలా ఉంటాయి. చేత్తో పిండి, అడుగు వైపు వేలితో తడమాలి. చీలిక ఉంటే అక్కడ నల్లటి జిడ్డు వేలికి అంటుకుంటుంది. ఘాట్‌లో అద్దం దించి వినండి, సైకిల్ ట్యూబులోంచి గాలి పోయినట్టు ఉస్సుమంటుంది. తర్వాత ఈజీఆర్ వాల్వ్, అంటే కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి వదిలేది. లక్ష దాటిన బండిలో దాన్ని విప్పితే గోడకు తారు పూసినట్టు మసి ఉంటుంది. అది సగం తెరుచుకుని ఇరుక్కుంటే ఆ పొగే ఎక్కువగా ఇంజిన్‌లోకి వెళ్తుంది, మంచి గాలికి చోటుండదు.

ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారో రాయండి. మా వైపు ఎర్రదుమ్ముకి పుస్తకంలో చెప్పిన దూరంలో సగానికే ఎయిర్ ఫిల్టర్ మార్చేస్తాను. వానాకాలంలో డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు తీయించాలి. ఇంకొకటి ఎవరూ చూడనిది: జాకీ వేసి చక్రాలు చేత్తో తిప్పండి. బ్రేకు పట్టేసి ఉన్నా బండి లాగదు, అందరూ ఇంజిన్‌నే తిడతారు.

బరంపురం_టాక్సీ:
రీమ్యాప్ బదులు ట్యూనింగ్ బాక్స్ పెట్టుకోమని కూడా చెప్తారు, జాగ్రత్త. ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టం కామన్ రైల్‌లో, బండి గట్టిగా లాగేటప్పుడు ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. ఈ బాక్సు ఒత్తిడి తక్కువగా ఉందని ఈసీయూకి అబద్ధం చెప్తుంది, అది నమ్మి ఇంకా పెంచేస్తుంది. నేను పెట్టాను. తప్తపాణి ఘాట్‌లో చెక్ ఇంజిన్ లైటు వెలిగి, బండి పవర్ తగ్గించేసుకుని నడక స్పీడుకి వచ్చింది. బాడుగకు వచ్చినవాళ్ల ముందు తల ఎత్తుకోలేకపోయాను. మర్నాడే పీకేశాను.

పర్లాకిమిడి_మాస్టారు:
రెండు మాటలు. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్ర తీరం కన్నా దాదాపు పదో వంతు తక్కువ. టర్బో ఉన్న బండి ఆ లోటును చాలావరకు పూడుస్తుంది, కానీ అందుకు టర్బో ఇంకా వేగంగా తిరగాలి. కింద మైదానంలో చూసి సరిపెట్టిన రీమ్యాప్ పైన టర్బోకి భారమవుతుంది. చేసేవాడికి మీరు ఘాట్‌లో తిరుగుతారని ముందే చెప్పాలి.

రెండోది, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 వాహన మార్పుల గురించే. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్సువాళ్లతో వాదించే పరిస్థితి తెచ్చుకోకండి. బీఎస్-6 బండ్లకు డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) తీసేస్తామని చెప్పేవాళ్ల దగ్గరికి అసలు వెళ్లొద్దు. ఆ మసి మన పిల్లలు పీల్చేదే.

కోరాపుట్_స్విఫ్ట్:
గుణుపూర్ గారూ, మీకు దండం పెట్టాలి. ఆదివారం ఇక్కడి మెకానిక్‌తో కలిసి చూశాను. ఇంటర్‌కూలర్ హోస్ చివర, క్లాంపు పక్కనే, అడుగు వైపు చిటికెన వేలంత చీలిక! ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు పెదవుల్లా మూసుకుని ఉంది. వేలితో నొక్కితేనే తెరుచుకుంది, గోరు సందుల్లోకి నల్లటి నూనె వచ్చింది. రెండు సర్వీసుల్లో ఎవరూ చూడలేదు.

హోస్, రెండు క్లాంపులు, ఎయిర్ ఫిల్టర్ మార్చాం. తమ్ముడి దగ్గర ఈసీయూ రీడింగులు చూపించే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఉంటే ఫోన్‌కి కలిపి చూశాం. ఇదివరకు ఎంత తొక్కినా 160 కిలోపాస్కల్ దాటని మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి కొలిచేది) రీడింగ్ ఇప్పుడు 210 పైకి పోతోంది. నిన్న సాలూరు నుంచి నలుగురం ఎక్కాం, ఏసీ కూడా వేసే ఉంది. పాత వంపుల్లో మూడో గేరే సరిపోయింది. లారీని దాటాల్సిన చోట ముందే రెండుకి దించి, 2000 ఆర్‌పీఎం పైన ఉంచి తొక్కాను, ఒక్క ఊపులో దాటేసింది.

రీమ్యాప్ ఆలోచన ప్రస్తుతానికి మానుకున్నాను. ఈజీఆర్ మాత్రం ఇంకా విప్పలేదు. దాన్ని రేకుతో మూసేయమని మెకానిక్ అంటున్నాడు. ఏం చేయమంటారు?

గుణుపూర్_గ్యారేజ్:
మూయొద్దు. విప్పి, మసి కరిగించే కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి, మెత్తటి బ్రష్‌తో మసి తీయించండి. స్క్రూడ్రైవర్‌తో గీకనివ్వకండి, వాల్వ్ కూర్చునే చోట గీత పడితే అది సరిగ్గా మూసుకోదు. కొత్త గ్యాస్కెట్ వేయించండి. ఘాట్ ఎక్కాక వెంటనే ఆపకుండా ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచితే టర్బో బేరింగుకి మంచిది.

జయపురం_డీజిల్:
అన్నా, నేను రీమ్యాప్‌కి ముందు హోస్‌లు చూడనే లేదు. ఆ స్కానర్ ఒక్క రోజు ఇస్తారా? శనివారం కోరాపుట్ వస్తున్నాను.