కారు బానెట్ మీద తూనీగ తోకతో ఎందుకు పొడుస్తోంది?

మేడమీదతోట:
మాది రాజమండ్రి. పోయిన నెల కారు కొన్నాం, నల్లరంగు. వీధిలో పెడితే చాలు, పసుపు తూనీగలు వచ్చి బానెట్ మీద తోకతో పొడుస్తున్నాయి. పొడవడం, జానెడు ఎగరడం, మళ్లీ పొడవడం. దగ్గరికెళ్లి చూస్తే ఆవగింజలో పావు కూడా లేని జిగురు చుక్కలు. వానొస్తుందంటారు మా అత్తయ్యగారు. మా ఆయనకి పెయింట్ టెన్షన్. ఏమిటండీ ఇది?

కొబ్బరాకు:
చిన్నప్పుడు దారం కట్టి ఎగరేశాం కదా, పగ తీర్చుకుంటున్నాయి :)

చెరువుగట్టు:
అవి గుడ్లమ్మా. ముప్పయ్యేళ్లు జువాలజీ చెప్పినవాణ్ని, నా స్కూటర్ సీటు మీద కూడా పెట్టాయి. నీటి మీద పడి తిరిగొచ్చే వెలుతురు అడ్డంగా కంపిస్తుంది. మనకి తెలీదు గానీ తూనీగ నీళ్లని గుర్తుపట్టేది దాంతోనే. నిగనిగలాడే నల్ల బానెట్ దాని కంటికి చెరువే. ముదురు రంగులకీ, ఎరుపుకీ ఈ మోసం ఎక్కువని హంగేరీ వాళ్లు 2006లో తేల్చారు.

మీవారి భయం ఉత్తిది కాదు. బానెట్ 50 డిగ్రీలు దాటి కాలితే గుడ్లలోంచి ఆమ్లం పుట్టి పైపూతని తినేస్తుందని బ్రెజిల్‌లో 2000లోనే చూశారు. ఎండెక్కక ముందే తడిగుడ్డతో తుడిచెయ్యండి.

అత్తగారి మాటా తీసెయ్యకండి. ఆ పసుపు రకం వానగాలుల వెంట తిరిగేదే. మాల్దీవుల మీదుగా సముద్రం దాటి ఆఫ్రికా పోతాయని 2009లో చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త రాశారు. గుడ్లు పెట్టేది వాన గుంటల్లో. గుంట ఎండేలోపు పిల్ల ఎదగాలి, అందుకే రెండు నెలల్లోపే రెక్కలొచ్చేస్తాయి.

మేడమీదతోట:
మాస్టారూ, మా తామర తొట్టిలో పెడితే పర్లేదా? దోమలు రావూ?

చెరువుగట్టు:
తొట్టిలో పెడితే మీ అదృష్టం. పిల్ల మట్టిరంగులో, చూడ్డానికి ఏమీ బాగోదు. కింది పెదవి మడిచి దాచుకుంటుంది. దోమపిల్ల దగ్గరికి రాగానే అది బయటికి విసిరి లాక్కుంటుంది. ఊపిరి వెనకవైపు నుంచి పీలుస్తుంది, భయపడితే అక్కణ్నుంచే నీళ్లు చిమ్మి రాకెట్‌లా దూసుకుపోతుంది! ఏ తెల్లారో తామర కాడకి వీపు చీలిన ఖాళీ పొర కనిపిస్తే ఎగిరిపోయిందని లెక్క. తొట్టిలో చేపల్ని మాత్రం వెయ్యకండి.

మేడమీదతోట:
కారుకి పాత దుప్పటి కప్పాం. ఇప్పుడు ఎదురింటివాళ్ల కారు మీద పొడుస్తున్నాయి. వాళ్లది ఎరుపు.